టీషర్టులు అచ్చయ్యాక ఆ డిజైనే చేదైపోతే ఏం చేస్తారు?

నత్తనడక

కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

మాదో చిన్న రన్నింగ్ గ్రూప్. ఏడాదికోసారి పది కిలోమీటర్ల పరుగు పెట్టుకుంటాం. పోటీ అని పేరే గానీ బహుమతులేం ఉండవు, అందరం కలిసి పరిగెత్తి ఫోటోలు దిగి ఇళ్ళకు పోవడమే. ఈసారి టీషర్టు డిజైన్ నా నెత్తిన పడింది. గ్రూప్‌లో అందరికంటే ఆఖరున వచ్చేది నేనే కాబట్టి, నా మీద నేను వేసుకునే జోకునే టీషర్టు మీదకి ఎక్కించాను. ఛాతీకి అడ్డంగా ఈసీజీ గీత. ఒక పక్క మామూలుగా మొదలై, మధ్యలో ఎగిరెగిరి పడి, రెండో పక్క ఫినిష్ జెండా బొమ్మ దగ్గరికి వచ్చేసరికి చదునుగా సాగిపోతుంది. వెనక పెద్ద అక్షరాల్లో ‘పడేదాకా పరుగే’. ఆర్డర్ కాయితంలో డిజైన్ పేరు ‘ఫ్లాట్‌లైన్’, అంటే గుండె ఆగినప్పుడు ఈసీజీలో వచ్చే చదును గీత. గ్రూప్‌లో పెడితే ఒకటే నవ్వులు. ఇదేంటి అని ఒక్కరు కూడా అనలేదు.

ఇదంతా రెండు నెలల కిందటి మాట. మొన్న సోమవారం 140 టీషర్టులు నాలుగు అట్టపెట్టెల్లో మా ఇంటికి వచ్చాయి. దానికి ముందు రోజు ఆదివారమే, వేరేవాళ్ళు పెట్టిన పరుగులో ఒకాయన ఫినిష్ లైన్ దాటి పది అడుగులు వేశాడో లేదో కుప్పకూలిపోయాడు. గుండె ఆగిపోయింది. ఆయన మా గ్రూప్ మనిషి కాదు గానీ మావాళ్ళు నలుగురు ఆయనతో వారాల తరబడి కలిసి పరిగెత్తినవాళ్ళే. ఆ నలుగురిలో ఒకడు ఆ రోజు అక్కడే ఉన్నాడు, అంబులెన్స్ వచ్చేదాకా ఛాతీ నొక్కుతూనే ఉన్నాడట.

నిన్న రాత్రి పెట్టె విప్పి ఒక టీషర్టు పరిచి చూశాను. గీత చదునైపోయే చోటు, జెండా, కింద మా పరుగు తేదీ. నేను గీసిన బొమ్మే, చూడలేక మళ్ళీ మడత పెట్టేశాను.

మా పరుగుకి ఇంకా పదహారు రోజులుంది. గ్రూప్ రెండుగా చీలింది. కొందరు ‘మనం ముందే వేయించాం, ఎవరినీ ఉద్దేశించి కాదు, పంచేద్దాం’ అంటున్నారు. కొందరు మొత్తం పారేయమంటున్నారు. ఆ రోజు అక్కడున్నవాడు మాత్రం ఏమీ అనడం లేదు, నాకు అదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

అడిగేదేంటంటే: పేరు ముందు పెట్టి, సంఘటన తర్వాత జరిగితే అది మన తప్పు కిందకి వస్తుందా? పెద్ద పెద్ద కంపెనీలకి కూడా ఇలాంటివి ఎదురయ్యాయని విన్నాను, వాళ్ళేం చేశారు? అచ్చయిపోయిన టీషర్టు మీద నుంచి బొమ్మ తీసే మార్గం ఏమైనా ఉందా?

ఇంకు చేతులు

ఆఖరి ప్రశ్నకి నేను చెప్తాను, ఆ పని చేసే బతుకుతున్నాను. తప్పొప్పుల సంగతి మిగతావాళ్ళు చూసుకుంటారు.

ముందు ఒకటి చూడండి. గీత మీద గోరుతో గీరితే పైన పొరలా తగులుతోందా, లేక బట్టలో కలిసిపోయి ఏమీ తెలియడం లేదా? తెలియకపోతే అది బహుశా సబ్లిమేషన్. రంగు ఆవిరై దారంలోకే వెళ్ళిపోతుంది కాబట్టి ఇక దాన్ని తీయడం అనేది లేదు. పొరలా తగిలితే స్క్రీన్ ప్రింటు, బహుశా ప్లాస్టిసాల్ ఇంకు. అది 160 డిగ్రీల దగ్గర ఉడికి గట్టిపడుతుంది, ఉతికితే పోదు, పోతే మా వ్యాపారమే ఉండదు. మా దగ్గర ఒక స్ప్రే గన్ ఉంటుంది, మందు కొట్టి చిన్న చిన్న మరకలు ఎగరగొడతాం. అది చిటికెన వేలు గోరంత మరకకి. ఛాతీకి అడ్డంగా ఉన్న గీతని అలా 140 టీషర్టుల మీద తీయడమంటే, తీసేవాడికి తల తిరుగుతుంది, తీసిన చోట గీత ఆకారంలోనే తెల్లటి నీడ మిగులుతుంది. అది ఇంకా అధ్వాన్నంగా ఉంటుంది, నిజంగా చెప్తున్నా.

రెండోది, పైన నల్లటి పట్టీ వేసి కప్పేయడం. వేయొచ్చు. కానీ పొర మీద పొర పడితే అట్టలా తయారవుతుంది, చెమట బయటికి పోదు, పది కిలోమీటర్లు అది వేసుకుని పరిగెత్తినవాడు మిమ్మల్ని తిట్టుకుంటాడు. గుడ్డ ముక్క కుట్టిస్తే లోపల కుట్టు గరుకు ఛాతీకి రాసుకుని ఏమవుతుందో పరిగెత్తేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఇంకో తలనొప్పి, బట్ట పాలిస్టర్ అయితే మళ్ళీ వేడి తగిలినప్పుడు బట్ట రంగు ఇంకులోకి ఎక్కుతుంది. ఎర్ర బట్ట మీద తెల్ల అక్షరాలు కాస్తా గులాబీ రంగుకి తిరగడం చాలాసార్లు చూశాను.

మీకు ఇంకో ఐడియా వచ్చే ఉంటుంది, లేదా ఎవడో ఇక్కడ ఇస్తాడు: చదునుగా ఉన్న గీత మీద మళ్ళీ ఎగిరే గీత అచ్చేస్తే సరిపోతుంది కదా, గుండె మళ్ళీ కొట్టుకుంటున్నట్టు ఉంటుంది కదా అని. పని పరంగా అన్నిటికంటే తేలిక అదే, ఒక రంగు, ఒక స్క్రీన్. కానీ నేనైతే వేయను. పోయినాయన గుండె మళ్ళీ కొట్టుకోలేదు.

పదహారు రోజులంటే కొత్తవి వేయించడానికి బోలెడు టైము. మీ ప్రింటింగ్ అతన్నే అడగండి, సంగతి చెప్తే కూలి తగ్గించుకుంటాడు. మేమూ మనుషులమే.

పాత పేపర్లవాడు

మీరు అడిగిన రెండో ప్రశ్నకి. అచ్చం మీలాంటి కేసు ఒకటుంది.

బేస్‌బాల్‌లో న్యూయార్క్ యాంకీస్‌కీ బోస్టన్ రెడ్ సాక్స్‌కీ వందేళ్ళ పగ. 1978 సెప్టెంబరులో యాంకీస్ బోస్టన్ వెళ్ళి వాళ్ళ సొంత మైదానంలోనే నాలుగు ఆటలకి నాలుగూ గెలిచారు, మొత్తం పరుగులు 42, బోస్టన్‌వి 9. దానికి ‘బోస్టన్ మాసకర్’ అని పేరు పడింది. మన భాషలో చెప్పాలంటే బోస్టన్ ఊచకోత. 2006 ఆగస్టులో అదే మైదానంలో ఐదుకి ఐదు గెలిస్తే మళ్ళీ అదే పేరు. నిజానికి అసలు బోస్టన్ మాసకర్ 1770 నాటిది, బ్రిటిష్ సైనికులు కాల్చితే ఐదుగురు చనిపోయారు. రెండు వందల ఏళ్ళు గడిచాయి కాబట్టి ఆ పేరు ఆటకి వాడుకున్నా ఎవరికీ నొప్పి పుట్టలేదు. నైకీ ఆ పేరుతో యాంకీస్ అభిమానుల కోసం టీషర్టు వేసింది, అక్షరాల మీద రక్తం చిమ్మినట్టు డిజైన్.

2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్ ఫినిష్ లైన్ దగ్గర బాంబులు పేలాయి. ముగ్గురు చనిపోయారు, వందల మంది గాయపడ్డారు, కొందరికి కాళ్ళు తీసేయాల్సి వచ్చింది. ఆ వారంలోనే ఎవరో నైకీ అవుట్‌లెట్‌లో ఈ టీషర్టు వేలాడుతూ ఉండడం చూసి ఫోటో పెట్టారు. బోస్టన్, మాసకర్, రక్తం, పైగా పరుగు బూట్లమ్మే కంపెనీ కొట్లో. నైకీ వెంటనే కొట్లలోంచి తీయించేసింది. టీషర్టు మాత్రం బాంబుల కంటే ముందుదే, మీది లాగే. కాబట్టి వాళ్ళని ఆ డిజైన్ వేసినందుకు తప్పుపట్టలేం (రక్తపు చుక్కలు నాకు ముందు నుంచీ రోత అనుకోండి, అది వేరే సంగతి). కానీ బాంబులు పేలిన మర్నాటి నుంచి ఆ టీషర్టు కొక్కేనికి వేలాడిన ప్రతి రోజూ వాళ్ళ ఖాతాలోదే. నా లెక్కలో మీ మొదటి ప్రశ్నకి కూడా ఇదే జవాబు. అచ్చు వేసిన రోజు మీ తప్పు లేదు. పరుగు రోజు పొద్దున పెట్టెలు విప్పి పంచితే మాత్రం అది మీరు తెలిసి చేసిన పని.

అదే వారంలో ఇంకో రెండు జరిగాయి, పక్కన పెట్టుకుని చూడండి. పేలుళ్ళ మర్నాడే యాంకీస్ తమ మైదానంలో, రెడ్ సాక్స్ అభిమానులు తమ ఊళ్ళో పాడుకునే పాటని ఆట మధ్యలో వినిపించారు. ఆ పగవాళ్ళే. ఇంకోటి, బోస్టన్‌లో ఇద్దరు కాలేజీ పిల్లలు ‘బోస్టన్ స్ట్రాంగ్’ అని టీషర్టు వేసి బాధితుల నిధి కోసం అమ్మారు. వేలల్లో పోయాయి. ఊరు అదే, వారం అదే, టీషర్టే.

తెలిసి తెలిసి కాలు జారినవాళ్ళూ ఉన్నారు. 2017లో అదే మారథాన్ అయ్యాక, దాని స్పాన్సర్ అడిడాస్ పరిగెత్తినవాళ్ళకి మెయిల్ పంపింది: అభినందనలు, మీరు బోస్టన్ మారథాన్ నుంచి బతికి బయటపడ్డారు అని. వేరే ఏ పరుగుకైనా అది మామూలు జోకు. అక్కడ, నాలుగేళ్ళ కింద బాంబులు పేలిన చోట! క్షమాపణ చెప్పారు. 2025 ఏప్రిల్‌లో లండన్ మారథాన్‌కి నైకీ పెద్ద బోర్డు పెట్టింది, ‘నెవర్ ఎగైన్, అంటిల్ నెక్స్ట్ ఇయర్’ అని. పరిగెత్తిన ప్రతివాడూ ఫినిష్ దగ్గర ‘ఇంకెప్పుడూ రాను’ అని ఒట్టు పెట్టుకుని మళ్ళీ ఏడాది పేరు రాయించుకుంటాడు కదా, అదీ జోకు. కానీ నెవర్ ఎగైన్ అనేది నాజీల మారణహోమం గురించి యూదులు తరతరాలుగా చెప్పుకునే మాట, పైగా ఆ మృతుల్ని తలచుకునే రోజు అదే వారంలో వచ్చింది. మళ్ళీ క్షమాపణ.

టైమింగ్ కాకుండా బొత్తిగా చూసుకోకపోవడం వల్ల జరిగినవి వేరే జాతి. అంబ్రో ఒక బూటుకి ‘జైక్లోన్’ అని పేరు పెట్టింది. జర్మన్‌లో తుఫాను అని అర్థం, కానీ నాజీలు గ్యాస్ చాంబర్లలో వాడిన విషవాయువు పేరు అది. 1999 నుంచి అమ్మి 2002లో గొడవయ్యాక మార్చారు. రీబాక్ ఆడవాళ్ళ పరుగు బూటుకి ‘ఇంక్యుబస్’ అని పెట్టింది, నిద్రలో ఉన్న ఆడవాళ్ళ మీద పడే పిశాచం పేరది. డిక్షనరీ తెరిస్తే ఒక్క నిమిషంలో తెలిసేది. అదృష్టం, పేరు పెట్టె మీదే ఉంది, బూటు మీద లేదు. వీటితో మిమ్మల్ని పోల్చుకోకండి.

ఆఫ్ స్టంప్

నేను కొంచెం ఎదురు మాట్లాడతాను, తిట్టకండి.

ఇలా మొదలుపెడితే ఎక్కడ ఆపుతారు? ఆటల భాష మొత్తం చావులూ యుద్ధాలే. మన పేపర్లు చూడండి, బ్యాటర్ దంచితే ఊచకోత, బౌలర్ నాలుగు తీస్తే విధ్వంసం, ఛేజింగ్ అయితే పరుగుల సునామీ. 2004 డిసెంబరు 26న ఎంతమంది పోయారు? అయినా ఆ మాట హెడ్డింగుల్లోకి ఎక్కింది, మనమే చదివాం, మనమే షేర్ చేశాం. పైన ఒకాయన యాంకీస్ టీషర్టు ‘మాసకర్’ గురించి రాశాడు, మనకి అది రోజూ వచ్చే హెడ్డింగ్.

ఇంకా చెప్పాలంటే మారథాన్ అనే పేరే చావు కథ. గెలిచామని చెప్పడానికి పరిగెత్తుకొచ్చి కుప్పకూలి చచ్చిపోయినవాడి పేరు చెప్పుకుని ప్రపంచమంతా 42 కిలోమీటర్లు పరిగెడుతోంది, పతకాలు మెళ్ళో వేసుకుంటోంది. ‘పడేదాకా పరుగే’ అంటే అదే కదా.

షికాగోలో 1871లో ఊరు తగలబడి మూడు వందల మంది దాకా చనిపోయారు. అక్కడి ఫుట్‌బాల్ జట్టు పేరు షికాగో ఫైర్. ఆ జట్టుని 1997లో సరిగ్గా అగ్నిప్రమాదం జరిగిన అక్టోబరు 8నే మొదలుపెట్టారు, కావాలనే. అట్లాంటాలో 1972 నుంచి 1980 దాకా ఉన్న హాకీ జట్టు ఫ్లేమ్స్ కూడా అంతే, అంతర్యుద్ధంలో 1864లో ఊరు కాలినందుకు పెట్టుకున్న పేరు. అభిమానులు ఆ పేర్లున్న జెర్సీలు వేసుకుని ఈలలు వేస్తారు.

మీ పరిస్థితికి బాధపడుతున్నాను, నిజంగా. కానీ ఉద్దేశం లేని చోట తప్పు వెతుక్కుని 140 టీషర్టులు పారేయడం నాకు నచ్చలేదు. ఒక మాట చెప్పి, ఒక నిమిషం మౌనం పాటించి, పంచేయండి.

పాత పేపర్లవాడు

ఆఫ్ స్టంప్ గారూ, షికాగో మంచి పాయింటే, నేను రాయాల్సింది మీరు రాశారు. కానీ మీరు చెప్పిన లెక్కలే చూడండి. 1871కీ 1997కీ మధ్య 126 ఏళ్ళు. 1864 నుంచి 1972 దాకా 108. ఆ మంటల్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. పైగా కాలింది వాళ్ళ ఊరే, మళ్ళీ కట్టుకున్నదీ వాళ్ళే, పేరు పెట్టుకున్నదీ వాళ్ళే. అదే పేరు 1872లో పక్క ఊరి జట్టు పెట్టుకుని ఉంటే రాళ్ళు పడేవి. ఇక్కడ మధ్యలో ఎన్నాళ్ళు? ఆదివారం పోయాడు, సోమవారం పెట్టెలొచ్చాయి.

మారథాన్ కథ గురించి చిన్న సవరణ, నాకు ఈ రోగం ఉంది క్షమించండి. గ్రీకుల మారథాన్ యుద్ధం దాదాపు జరిగిన కాలంలోనే పుట్టిన చరిత్రకారుడు హెరోడోటస్ రాసింది, సాయం అడగడానికి స్పార్టాకి పరిగెత్తినవాడి సంగతి మాత్రమే. అక్కడ ఎవరూ కుప్పకూలలేదు. వార్త చెప్పి చచ్చిపోయాడనే కథ ఐదారు వందల ఏళ్ళ తర్వాత ప్లూటార్క్, లూషియన్ రాసినవాటిలో కనిపిస్తుంది. అంటే ఆ చావు అందంగా కనబడడానికి కూడా అన్ని శతాబ్దాలు పట్టింది.

ఎప్పుడు వదులుకోవాలో తెలిసినవాళ్ళ ఉదాహరణ ఒకటి చెప్పి ఆపుతాను. వాషింగ్టన్ బాస్కెట్‌బాల్ జట్టు పేరు బుల్లెట్స్. 1960ల నుంచి ఉన్న పేరు, 1978లో ఆ పేరుతోనే ఛాంపియన్లయ్యారు. 1995 నవంబరులో ఇజ్రాయెల్ ప్రధాని యిట్జాక్ రాబిన్‌ని కాల్చి చంపారు. జట్టు యజమాని ఏబ్ పోలిన్‌కి ఆయన స్నేహితుడు. ఊళ్ళో తుపాకీ హత్యల గురించి ఆయన అప్పటికే ఆలోచిస్తున్నాడు, ఈ చావుతో తేల్చేశాడు. 1997లో విజార్డ్స్ అయ్యారు. అప్పటిదాకా బుల్లెట్ అంటే వేగం అనే అనుకున్నారు జనం, మాటలో అబద్ధమేమీ లేదు. స్నేహితుడు తూటాకి పోయాక ఆ పేరున్న టోపీ అమ్మడం ఆయనకి చేతకాలేదు.

పొద్దున్నే ఐదింటికి

ఇక్కడ చదవడమే గానీ రాయను. ఇది చూసి రాయాలనిపించింది.

మా అన్నయ్య సైకిల్ తొక్కేవాడు. ఘాట్ రోడ్డు దిగుతూ పోయాడు, నాలుగేళ్ళయింది. వాడికో జెర్సీ ఉండేది, వెనక జేబుల మీద ‘బ్రేకులు పిరికివాళ్ళకి’ అని రాసుంటుంది. అది ఇప్పటికీ మా బీరువాలో ఉంది. ఒక జేబు జిప్పు పోయింది, దాన్లో వాడు పెట్టుకునే ఐదు రంగుల రబ్బరు బ్యాండ్లు అలాగే ఉన్నాయి. అమ్మ దాన్ని పారేయనివ్వదు. నాకూ అది చూస్తే కోపం రాదు. వాడు కొనుక్కున్నది, వాడి జోకు.

కానీ వాడు పోయిన నెలకి వాడి ఫోన్‌కి ఒక మెయిల్ వచ్చింది. ఆ జెర్సీ అమ్మిన కొట్టు నుంచే. ‘మీకు నచ్చిన బ్రేకులు పిరికివాళ్ళకి మళ్ళీ వచ్చేసింది, ఈసారి నలుపులో’. మిషన్ పంపిన మెయిల్ అని నాకు తెలుసు. ఎవరూ కూర్చుని మా ఇంటిని ఏడిపిద్దామని రాయలేదు. నేను అది వంటింట్లో నిలబడి చదివాను, ఫోన్ పక్కన పెట్టేసి రెండు గంటలు ఏ పనీ చేయలేదు. కొట్టుకి రాశాను. ఒక అమ్మాయి ఫోన్ చేసి సారీ చెప్పి వాడి పేరు లిస్టులోంచి తీసేసింది. డిజైన్ మాత్రం ఇంకా అమ్ముతున్నారు, నేను ఆపమని అడగలేదు. వాళ్ళకి మా అన్నయ్య ఎవరో తెలియదు కదా.

మీకు తెలుసు. తేడా అదే అనిపిస్తోంది నాకు. ఆయన ఇంట్లోవాళ్ళు మీ పరుగుకి రాకపోవచ్చు, ఫోటోలైతే చూస్తారు. పరిగెత్తేవాళ్ళ ఫోటోలు ఎక్కడెక్కడికి పోతాయో మీకు తెలియనిది కాదు.

ఇంకో మాట. అమెరికాలో డమార్ హామ్లిన్ అనే ఫుట్‌బాల్ ఆటగాడికి 2023 జనవరిలో మైదానంలోనే గుండె ఆగింది, అక్కడే బతికించారు. ఆసుపత్రిలో కళ్ళు తెరిచాక మాట్లాడలేక కాయితం మీద అడిగిన మొదటి ప్రశ్న, మనం గెలిచామా అని. తర్వాత అదే మాట ‘డిడ్ వీ విన్’ టీషర్టు మీద వేసి తనే అమ్మాడు, డబ్బు తనకి వైద్యం చేసినవాళ్ళకి ఇచ్చాడు. గుండె ఆగిన సంగతి టీషర్టు మీద వేయకూడదని కాదు. ఆ జోకు వేసే హక్కు అతనికుంది. మీకు లేదు, నాకూ లేదు.

ఆఫ్ స్టంప్

అయ్యో. నేను రాసింది మీరు చదివి ఉంటారు, సారీ అండీ. మౌనం పాటించి పంచేయండి అన్న ముక్క వెనక్కి తీసుకుంటున్నాను. హెడ్డింగుల సంగతి మాత్రం అలాగే ఉంచుతున్నాను, అది మనం ఎప్పుడో ఒకసారి మాట్లాడుకోవాల్సిందే.

నత్తనడక

అందరికీ థాంక్స్. ఇంకు చేతులు గారూ, గోరుతో గీరి చూశాను, పొర తగులుతోంది, ప్లాస్టిసాలే. మీరన్న ‘మళ్ళీ కొట్టుకునే గీత’ ఐడియా నాకు నిజంగానే వచ్చింది, మీ పోస్టు చదవకముందే స్కెచ్ కూడా వేశాను. చింపేశాను.

ఆ రోజు అక్కడున్నవాడికి ఫోన్ చేశాను. చేయడానికే రెండు రోజులు పట్టింది. ఏమనుకుంటున్నావు అంటే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ‘నువ్వు ఆ బొమ్మ చూపించినప్పుడు అందరికంటే గట్టిగా నవ్వింది నేనేరా’ అన్నాడు. అందుకే ఎటూ మాట్లాడలేకపోయాడట. పంచితే మాత్రం తను రానన్నాడు. ఇక దాని మీద ఓటింగులు అవీ పెట్టలేదు.

పంచడం లేదు. ఎవరికైనా ఇచ్చేద్దామంటే అదీ మనసొప్పలేదు, ఎవరో తెలియనివాడు వేసుకుని ఎక్కడో పరిగెడుతుంటే ఎవరో ఒకరు చూస్తారు. చేతులు కత్తిరించి, గీత, అక్షరాలున్న ముక్కలు వేరు చేసి, మిగిలిన బట్ట ఒక సైకిల్ రిపేరు షాపుకి తుడుచుకునే గుడ్డలుగా ఇస్తున్నాం. రెండు పెట్టెలు అయ్యాయి, కత్తెర పట్టుకున్న చోట బొబ్బ లేచింది.

ఒక ఇబ్బంది ఉంది. పెట్టెలు వచ్చిన రోజే ఒక పెద్దాయన మా ఇంటికొచ్చి తనది తీసుకుపోయాడు, ఆదివారం సంగతి ఆయనకి అప్పటికి తెలియదు. నిన్న పొద్దున ప్రాక్టీసుకి అదే వేసుకొచ్చాడు, లోపలి వైపు బయటికి తిప్పి. తిరగేసినా గీత లీలగా కనిపిస్తూనే ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. పరుగయ్యాక ఆయనే విప్పి నా చేతిలో పెట్టి, బ్యాగులోంచి పోయినేటిది తీసి వేసుకున్నాడు.

కొత్తవి ఆర్డర్ ఇచ్చాం. ముందు ఏడాది, దూరం. వెనక ఏమీ లేదు. ప్రింటింగ్ అతను ‘డిజైన్ పేరేం రాయమంటారు’ అని అడిగితే ‘టీషర్టు’ అని రాయమన్నాను.